నమకంలో కమ్మరికి నమస్కారం



మా వజ్రకరూరులో తొలకరి వచ్చినదని తెలిసికొనుటకు పంచాంగం చూడనక్కరలేదు. వాన వెలిసిన మరునాటి ఉదయమే ఎర్రచేలలో తలలు వంచుకొని నడిచే జనం కనిపిస్తారు. వారు విత్తనం వేసేవారు కారు, వజ్రం వెదికేవారు. ఇరుగుపొరుగు జిల్లాల నుండి, కర్ణాటకం నుండి కూడ వచ్చి, చెట్లక్రింద వంటలు చేసుకొని, దినమంతా నేలవైపే దృష్టి నిలిపి తిరుగుతారు. ఈ ప్రాంతపు భూగర్భంలో కింబర్లైట్ అనే శిలానాళాలు ఉన్నవి. సుమారు 110 కోట్ల సంవత్సరాల క్రితం, 150 కిలోమీటర్లకు మించిన లోతు నుండి అవి వజ్రాలను పైకి మోసుకొని వచ్చినవని భూగర్భశాస్త్రజ్ఞుల నిర్ణయం. వాన వజ్రాన్ని సృష్టించదు. దానిమీది మట్టిని కడుగుతుంది, అంతే.

కొన్ని సంవత్సరాల క్రితం అటువంటి తొలకరి దినాలలో ఒక రైతు తన కుమారుని వెంటబెట్టుకొని దేవాలయానికి వచ్చాడు. పిల్లవాడు పొరుగు పట్టణంలో పాలిటెక్నిక్ డిప్లొమా రెండవ సంవత్సరం, విద్యుత్ శాఖ. కళాశాలకు పోవడం మాని పదిహేను దినాలుగా చేలవెంట వజ్రాలకై తిరుగుతున్నాడు. "సామీ, వీనికి నాలుగు మంచి మాటలు చెప్పండి. నా మాట వినడు" అన్నాడు తండ్రి. రెండేండ్లు వరుసగా వేరుశనగ ఎండిపోయి అప్పులలో ఉన్న మనిషి.

నేను నాకు తెలిసినది చెప్పాను. బాహ్యవజ్రం అనిత్యమనీ, అంతరంగంలోని జ్ఞానవజ్రం నిత్యమనీ, ఫలాపేక్ష లేక స్వధర్మం ఆచరించమనీ ఒక అరగంట ఉపన్యసించాను. పిల్లవాడు చేతులు కట్టుకొని విన్నాడు. తరువాత వినయంగానే అడిగాడు: "సామీ, మీరు చెప్పింది బాగుంది. నాకు ఒక్క రాయి దొరికితే మా నాయన అప్పు తీరుతుంది. ఈ చదువు అయిపోతే ఏం దొరుకుతుందో మీరు చెప్పగలరా?"

నేను చెప్పలేకపోయాను. తీర్థం ఇచ్చి పంపాను. మరునాడు వాడు మరల చేలోనే ఉన్నాడు.

ఆ ప్రశ్న నన్ను వదలలేదు. ఆలోచించిన కొలది నా ఉపన్యాసంలోని దోషం నాకే కనిపించింది. పూటకు ప్రసాదం నిశ్చయంగా లభించే నేను, పూట గడవని ఇంటి బిడ్డకు ఫలాపేక్ష విడువమని బోధించాను. గీతాచార్యుడు అర్జునుని వృత్తి మానమనలేదు. స్వకర్మతోనే ఈశ్వరుని అర్చించవచ్చునని పదునెనిమిదవ అధ్యాయంలో ఉపదేశించాడు. నేను ఆ బిడ్డ కర్మను చూడకనే, దాని మీద విరక్తిని మాత్రం బోధించాను.

మరియొక సత్యం కూడ ఒప్పుకొనవలె. నా చదువు మాత్రం జీవనోపాధికి కాదా? నన్ను ఎనిమిదవ యేట వేదపాఠశాలకు పంపినది బ్రహ్మజిజ్ఞాస కాదు, కరువు. "అక్కడ రెండు పూటలా అన్నం పెడతారు, పెద్దవాడైతే ఒక గుడి దొరుకుతుంది" అని మా తండ్రిగారు మా తల్లిగారికి నచ్చజెప్పడం నేను విన్నాను. మొదటి నాలుగు సంవత్సరాలు తైత్తిరీయ శాఖను నేను కంఠస్థం చేసినది అన్నం కొరకే. సంహిత, పదం, క్రమం అన్నీ వల్లెవేశాను. అర్థం తెలియదు, తెలిసికొనవలెనన్న కోరిక కూడ లేదు. మా గురువుగారు ఆ కారణంగా నన్ను ఎన్నడూ నిందించలేదు. ఒకనాటి సాయంకాలం నమకం చెప్పించి, నాలుగవ అనువాకం దగ్గర ఆపి, "ఇప్పుడు నీవు ఎవరికి నమస్కరించావో తెలుసునా?" అన్నారు. రుద్రునికి అన్నాను. ఆయన నవ్వి అర్థం చెప్పారు. ఆ అనువాకంలో వడ్రంగులకు, రథములు చేసేవారికి, కుమ్మరులకు, కమ్మరులకు నమస్కారాలు ఉన్నవి. వారి రూపంలో ఉన్నవాడు రుద్రుడే. నేను దినదినమూ పలుకుతున్న శబ్దాలలో మా ఊరి కొలిమి ఉన్నదని తెలిసిన ఆనాటి నుండి నాకు చదువు మీద ప్రీతి పుట్టింది.

ఆ పిల్లవాడు వచ్చిపోయిన తరువాతి సోమవారం రుద్రాభిషేకం చేస్తూ అదే అనువాకానికి వచ్చేసరికి నా కంఠం ఒక్క క్షణం ఆగింది. తంతులు, ఇనుము, యంత్రాలతో పని నేర్చుకొనే ఆ బిడ్డ ఈ నమస్కారానికి పాత్రుడు కాడా? ఇన్నేండ్లుగా మంత్రంలో నమస్కరిస్తూ, ఎదుట నిలిచినప్పుడు వాని విద్యను 'పొట్టకూటి చదువు' అని మనసులో తక్కువ చేశానే!

శ్రావణమాసారంభంలో దేవాలయపు బోరు మోటారు ఆగిపోయింది. మీట వేస్తే గుయ్యిమని మూలుగుతుంది, నీరు రాదు. ఎప్పుడూ వచ్చే మెకానిక్కును కాక ఆ పిల్లవానిని పిలిపించాను. భయపడుతూనే వచ్చాడు. స్టార్టరు పెట్టె విప్పి, ఎవరి దగ్గరనో అడిగి తెచ్చిన మీటరుతో పరీక్షించి, "కండెన్సరు పోయింది సామీ. మా పుస్తకంలో దీన్నే కెపాసిటర్ అంటారు" అన్నాడు. గుంతకల్లు నుండి క్రొత్తది తెచ్చి బిగించాడు. నీరు వచ్చింది.

అప్పుడు నేను అరుగు మీద కూర్చొని, "నాయనా, అది లేకపోతే మోటారు ఎందుకు తిరగదో నాకు చెప్పు" అన్నాను. వాడు మొదట నేను పరిహాసమాడుతున్నాననుకొన్నాడు. తరువాత విభూతిపళ్ళెం ప్రక్కన నేల మీద సుద్దముక్కతో గీసి చెప్పాడు. ఒక్క ఫేజుతో వచ్చే కరెంటు ముందుకూ వెనుకకూ ఊగుతుందే గాని తనంతట మోటారును తిప్పలేదట. రెండవ చుట్టలో కరెంటు కొంచెం ముందుగా నడిస్తేనే తొలి తిరుగుడు పుడుతుందట. ఆ భేదాన్ని కల్పించేది కండెన్సరు. నేను మూడుసార్లు అడిగాను, మూడుసార్లు చెప్పాడు. మూడవసారి చెప్పేటప్పుడు వాని కంఠంలో నేను ఎరిగిన ధ్వని వినిపించింది. కంఠస్థమైన పాఠానికి అర్థం తోచిన విద్యార్థి ధ్వని అది. "క్లాసులో రాసుకున్నాను సామీ, ఇవాళే కనపడింది" అన్నాడు.

ఛాందోగ్యోపనిషత్తులో సత్యకామ జాబాలుని గాథ సాధకులకు విదితమే. హారిద్రుమతుడైన గౌతముడు ఆ బాలునకు ఉపనయనం చేసి, పాఠం చెప్పక, బక్కచిక్కిన 400 గోవులను అప్పగించాడు. అవి 1000 అయ్యేవరకు తిరిగి రానని బాలుడు వెళ్ళాడు. వృషభం, అగ్ని, హంస, మద్గువు అనే నీటిపక్షి వానికి బ్రహ్మపాదాలను ఒక్కొక్కటిగా ఉపదేశించినవి. గురువు మొదట ఇచ్చినది ఒక పని, ఆ పనిమీద సంపూర్ణ విశ్వాసం. పని చేసినవానికి పనియే గురువైనది. మన కళాశాలలలో పిల్లలకు పాఠాలున్నవి, పరీక్షలున్నవి. "ఇది నీ చేతిలో ఉన్నది, బ్రతికించుకొని రా" అని అప్పగించిన 400 గోవులు ఎక్కడ?

అదే వారంలో వానిని వెంటబెట్టుకొని మా మండలంలోని రాగులపాడు వెళ్ళాను. అక్కడ హంద్రీ-నీవా ఎత్తిపోతల పంపుహౌసు ఉన్నది. శ్రీశైల జలాశయపు వెనుకజలాల నుండి మల్యాల వద్ద తోడిన కృష్ణానీరు అంచెలంచెలుగా పైకెక్కి వచ్చి, ఇచ్చట మరల ఎత్తబడి జీడిపల్లి వైపు సాగుతుంది. కాలువగట్టు మీద నిలిచి చూచాము. "ఇవి మూడు ఫేజుల మోటార్లు సామీ, వీటికి తిరగడానికి మన కండెన్సరుతో పనిలేదు" అన్నాడు. నేను అన్నాను: "నాయనా, నీవు నన్ను ఒకటి అడిగావు, చదువు అయితే ఏం దొరుకుతుందని. ఉద్యోగం దొరుకుతుందని నేను మాట ఇవ్వలేను. ఈ నేలకు నీరు తెచ్చేవారిలో ఒకడవు కాగలవని మాత్రం కంటితో చూపగలను." వాడు ఏమీ అనలేదు. చాలాసేపు నీటివైపే చూచాడు.

తిరిగి వచ్చేటప్పుడు మాటల మధ్య తెలిసినది, కళాశాల బస్సు ఉదయం ఆరున్నరకు బయలుదేరుతుందని, ఆ వేళకు ఇంట్లో పొయ్యి వెలగదని, మధ్యాహ్నం వరకు ఖాళీ కడుపుతోనే ఉంటాడని. నా తల మీద పిడుగు పడినట్లయినది. ఛాందోగ్యంలోనే ఉద్దాలకుడు శ్వేతకేతుని 15 దినాలు ఉపవసింపజేసి, నీరు మాత్రం త్రాగనిచ్చి, పదునారవ దినాన ఋగ్యజుస్సామాలను పఠింపుమంటాడు. పన్నెండేండ్లు చదివిన శ్వేతకేతునికి ఒక్కటీ స్ఫురించదు. అన్నం తిని వచ్చిన తరువాత అడిగినవన్నీ చెప్పగలుగుతాడు. మనస్సు అన్నమయమని అట్లు అనుభవపూర్వకంగా బోధించాడు తండ్రి. ఈ ప్రకరణాన్ని నేను ఎన్ని సభలలో వ్యాఖ్యానించానో! ఆకలితో బస్సెక్కే బిడ్డను చూచి మాత్రం 'శ్రద్ధ లేదు' అన్నాను.

ఆనాటి నుండి ఉషఃకాల నైవేద్యాన్ని ఒక గంట ముందుకు జరిపాము. పులిహోరయో, దద్ధ్యోజనమో, శనగల గుగ్గిళ్ళో, ఏది ఉంటే అది ఆరుగంటలకు బస్సు నిలిచే చోటికి చేరుతుంది. మొదట నలుగురు తీసికొనేవారు, ఇప్పుడు ఇరువదికి పైగా. భక్తులు కొందరు బియ్యం ఇస్తున్నారు. తైత్తిరీయ శిక్షావల్లిలో ఆచార్యుడు వస్త్రాలను, గోవులను, అన్నపానాలను ప్రార్థించిన పిదపనే శిష్యులు తన వద్దకు రావలెనని కోరుతాడు. ఆ క్రమంలోని ఔచిత్యం నాకు ఏబదియేండ్లు దాటిన తరువాత బోధపడినది.

ఆ పిల్లవాడు కళాశాలకు మరల వెళ్ళాడు. అంతటితో కథ సుఖాంతమైనదని చెప్పను. ఆ సంవత్సరం రెండు పేపర్లు తప్పాడు, మరల వ్రాసి గట్టెక్కాడు. డిప్లొమా పూర్తియై ఇప్పుడు ఒక చిన్న కర్మాగారంలో శిక్షణలో ఉన్నాడు. జీతం స్వల్పం. తండ్రి అప్పు ఇంకను ఉన్నది. వానితో కలసి బస్సెక్కిన మరియొకడు చదువు విడిచి బెంగుళూరులో ఇండ్లకు భోజనాలు చేరవేసే పనికి పోయాడు. వానికి నేను ఏమీ చేయలేకపోయాను. వానిని పిలిచి ఏ మోటారు చూపవలసి ఉండెనో నాకు సమయానికి తోచలేదు.

అధ్యాపకులు, తల్లిదండ్రులు తరచు అడుగుతారు, పిల్లలకు ఉత్సాహం కలిగించుటకు ఒక ఉపన్యాసం ఇమ్మని. ఇప్పుడు నేను ముందుగా మూడు ప్రశ్నలు అడుగుతున్నాను. ఉదయం ఏమి తిన్నాడు? వాని చేతికి ఏ పని అప్పగించారు? వాడు నేర్చినదానిని వాని నోటి నుండి ఎవరైనా విన్నారా? మూడింటికీ సమాధానం లభించిన చోట నా ఉపన్యాసంతో అవసరం కలుగలేదు.

ఈ సంవత్సరం కూడ వాన పడినది. చేలలో మనుష్యులు వంగి నడుస్తున్నారు. వారిని నేను నిందించను. గత సోమవారం ఆ అబ్బాయి సెలవుపై వచ్చి, అభిషేకం ముగిసేవరకు కూర్చొని, వెళ్ళేముందు స్టార్టరు పెట్టె మూత తీసి చూచి, "సామీ, ఈ తీగ పాతబడింది, వచ్చేసారి మారుస్తాను" అన్నాడు. నమకం ఇంకను నా నాలుకపై ఉన్నది. మనసులో నమస్కరించాను.

స్వస్తి.