రెండు వైపులా సప్లై

క్యాంపర్ వ్యాన్‌లో రెండు బ్యాటరీలుంటాయి. బానెట్ కిందది ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తుంది. వెనక సీటు కిందో మంచం కిందో ఉండేది ఇల్లు నడుపుతుంది. ఫ్రిజ్, లైట్లు, నీళ్ల పంపు, డీజిల్ హీటర్, ఫోన్ల ఛార్జింగ్ అన్నీ దాని మీదే. ఇక్కడ బ్రిటన్‌లో దీన్ని లెజర్ బ్యాటరీ అంటారు. బండి నడిచేటప్పుడు ఆల్టర్నేటర్ రెండింటినీ నింపాలి. బండి ఆగాక రెండూ విడిపోవాలి. రాత్రంతా ఫ్రిజ్ ఎంత లాగినా తెల్లారి తాళం తిప్పగానే ఇంజిన్ అందుకోవాలి. నింపడం గురించి అందరూ మాట్లాడతారు, విడదీయడం గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు పనంతా విడదీయడంలోనే ఉంది. ఆ మాట నాకు గట్టిగా పట్టించింది ఒంగోలు నుంచి వేసవికి వచ్చిన మా నాన్న.

మాది 2017 మోడల్ ఫోక్స్‌వాగన్ ట్రాన్స్‌పోర్టర్. సామాన్లు మోసే బండిగా మొదలై, ఎవరి చేతిలోనో మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్ అమర్చుకుని లీడ్స్‌లో మా ఇంటికొచ్చింది. అందులో 110 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీ, దాన్ని ఇంజిన్ బ్యాటరీతో కలిపే ఒక రిలే ఉన్నాయి. శని, ఆదివారాల్లో లేక్ డిస్ట్రిక్ట్‌కో విట్బీ సముద్రం ఒడ్డుకో వెళ్లి ఒక రాత్రి పడుకుని రావడానికి ఆ ఏర్పాటు సరిపోయేది. సీసం బ్యాటరీని సగానికి మించి వాడుతూ పోతే త్వరగా చచ్చిపోతుంది కాబట్టి 110లో మన చేతికొచ్చేది 55. కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే రోజుకి 35, 40 తాగేస్తుంది. రెండో రాత్రికి కరెంటు సాకెట్ ఉన్న క్యాంప్‌సైట్ వెతుక్కోవాల్సిందే.

అమ్మానాన్నలు వస్తున్నారనేసరికి ఈ లెక్క చాల్లేదు. స్కాట్లండ్ పడమటి తీరమంతా వాళ్లకి చూపించాలని నా ఆశ. అమ్మకి ఇన్సులిన్. వాడుతున్న పెన్ను కొన్ని వారాలు బయట ఉన్నా ఫరవాలేదు గానీ, దారిలో విప్పబోయే కొత్త పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకట్టకూడదు. ఫ్రిజ్ అర్ధరాత్రి ఆగిపోతే పాలు విరుగుతాయన్న బెంగ వేరు, ఇది వేరు. అందుకని 100 ఆంపియర్ అవర్ల లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ కొన్నాను. పాతదానిలో సగం బరువు కూడా లేదు, ఎనభై దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు. పెట్టె మీద పాతది తీసి ఇది పెట్టేయండన్నట్టే రాసి ఉంటుంది. అలా పెట్టేసినవాళ్లు నాకు తెలుసు. వాళ్లందరికీ ఒకటే చెబుతాను, బ్యాటరీ మారిస్తే రిలే కూడా మారాలి.

ఎందుకంటే ఆ రిలేకి వోల్టేజీ తప్ప ఇంకేమీ తెలియదు. 13.3 దాటితే ఇంజిన్ నడుస్తోందనుకుని రెండు బ్యాటరీలనూ కలుపుతుంది. 12.8కి పడితే ఇంజిన్ ఆగిందనుకుని విడదీస్తుంది. నిండిన సీసం బ్యాటరీ కదలకుండా ఉన్నప్పుడు 12.7 దగ్గరుంటుంది కాబట్టి ఈ కొలత ఇన్నేళ్లూ చెల్లింది. లిథియం అలా కాదు. నిండాక ఏ ఛార్జింగూ లేకుండానే 13.3 దగ్గర నిలబడుతుంది, సగం ఖాళీ అయినా 13 కిందికి రాదు. రిలే కళ్లకి ఇంజిన్ ఇంకా నడుస్తున్నట్టే. బండి ఆపి, తలుపులేసి, అందరం పడుకున్నా రెండు బ్యాటరీలూ కలిసే ఉంటాయి. తెల్లారి తాళం తిప్పితే స్టార్టర్ మోటారు కొన్ని వందల ఆంపియర్లు అడుగుతుంది. లిథియంలో లోపలి నిరోధం బహు తక్కువ, అడిగిందల్లా ఇచ్చేస్తుంది. ఆ ప్రవాహంలో పెద్ద వాటా ఏ నలభై ఆంపియర్లకో వేసిన సన్న తీగలో ఎదురు పారుతుంది. ఫ్యూజు పోతే అదృష్టం. పోకపోతే తీగ కాలుతుంది, అదీ మంచం కింద.

దీనికి తోడు మా బండిలాంటి, యూరో 6 కాలుష్య ప్రమాణాలకి కట్టిన బండ్లలో ఆల్టర్నేటర్లు పాతవాటిలా ఎప్పుడూ 14.4 వోల్టులివ్వవు. డీజిల్ ఆదా కోసం ఇంజిన్ కంప్యూటరే వాటిని ఆడిస్తుంది. ఇంజిన్ బ్యాటరీ కాస్త నిండగానే 12న్నర దాకా దించేస్తుంది, యాక్సిలరేటర్ మీంచి కాలు తీస్తే 15 దగ్గరికి ఎక్కిస్తుంది. ఇంత ఊగిసలాటలో ఏ బ్యాటరీ నిండుతుంది? ఇంకోవైపు, ఖాళీ లిథియంని నేరుగా కలిపితే అది ఆల్టర్నేటర్‌ని పిండేస్తుంది. ఇంజిన్ నెమ్మదిగా తిరిగేటప్పుడు ఆల్టర్నేటర్ లోపలి ఫ్యానూ నెమ్మదిగానే తిరుగుతుంది, చుట్లు వేడెక్కి కాలిపోతాయి.

నాన్న ఎలక్ట్రిసిటీ బోర్డు ఉన్న రోజుల్లో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ప్రయాణం బడలిక తీరకముందే డ్రైవ్‌వేలో బండి దగ్గర కుర్చీ వేసుక్కూర్చున్నారు. ఉన్న వైరింగు ఒక కాగితం మీద గీసిచ్చాను. కళ్లజోడు దించుకుని చూసి, రెండు బ్యాటరీల మధ్య గీత మీద వేలు పెట్టారు.

"ఈ తీగకి సప్లై ఎటునుంచి అమ్మాయ్?"

"రెండు వైపుల నుంచీ నాన్నా."

"మరి ఫ్యూజు ఒకవైపే ఉందే?"

"కొన్నప్పటి నుంచీ అంతే. మార్చాలనే చూపిస్తున్నా."

"మార్చాలి. ఇది రిటర్న్ సప్లై ఉన్న లైను" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

ఆ మౌనం నాకు తెలుసు. స్తంభం ఎక్కేముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ (ఎల్సీ) తీసుకుంటారు, లైన్‌ని తెంచే ఏబీ స్విచ్ దించుతారు, కరెంటు లేదని రూఢి చేసుకుంటారు. అయినా అవతలి కొసన ఏ ఫంక్షన్ హాల్లోనో ఛేంజోవర్ స్విచ్ లేకుండా జనరేటర్ ఆన్ చేస్తే అది ట్రాన్స్‌ఫార్మర్‌లోకి ఎదురెక్కి, పదకొండు వేల వోల్టులై తీగలోకి తిరిగొస్తుంది. నాన్న తోటివాళ్లలో అలా పోయినవాళ్లున్నారు. పేపర్లో జిల్లా పేజీ అడుగున నాలుగు ముక్కల్లో వచ్చే చావులవి. పనిచేసే చోటికి రెండు పక్కలా తీగలకి ఎర్త్ కట్టందే చెయ్యి వేయకూడదన్నది నాన్న ఉద్యోగమంతా పాటించిన నియమం, కింద పనిచేసేవాళ్ల చేత పాటింపజేసిన నియమం.

పన్నెండు వోల్టులు మనిషికి షాక్ కొట్టవు. కానీ స్పానరు జారి ప్లస్సుకీ బాడీకీ మధ్య పడితే వందల ఆంపియర్లు దాంట్లోంచి పోతాయి. వేలికి ఉంగరం ఉంటే అది క్షణంలో ఎర్రగా కాలుతుంది. నేను చెప్పకముందే నాన్న ఉంగరం, వాచీ తీసి అమ్మకిచ్చేశారు. నా స్పానర్లు వరసగా తీసుకుని, తిప్పే మూతి తప్ప మిగతా పిడి అంతా ఇన్సులేషన్ టేపు చుట్టారు, ఒక పొర మీద ఇంకో పొర సగం ఎక్కేలా, ఎక్కడా ముడత లేకుండా. ఇప్పటికీ అవే వాడుతున్నాను.

రిలే పీకేసి దాని చోట డీసీ టు డీసీ ఛార్జర్ పెట్టాం. డచ్చి కంపెనీ విక్ట్రాన్‌ది, 30 ఆంపియర్లది. ఆల్టర్నేటర్ 12 ఇచ్చినా 15 ఇచ్చినా దాన్ని తీసుకుని, లిథియంకి కావాల్సిన 14.2 దగ్గర స్థిరంగా అందిస్తుంది. 30 ఆంపియర్లకి మించి లాగదు కాబట్టి ఆల్టర్నేటర్‌కి పిండుడు బాధ లేదు. అన్నిటికంటే ముఖ్యం, కరెంటు ఒకవైపే పోతుంది. ఇంజిన్ ఆగిందని తెలియగానే ఛార్జింగ్ ఆపేస్తుంది, లిథియం నుంచి స్టార్టర్‌కి చుక్క కూడా వెనక్కి రాదు. నాన్నకి నచ్చింది ఇదే. రోజూ రెండు గంటలు బండి నడిస్తే 60 ఆంపియర్ అవర్లు వచ్చేస్తాయి, అంటే ఫ్రిజ్‌కీ, లైట్లకీ, ఫోన్లకీ కలిపి మా రోజు ఖర్చుకి సరిపడా.

తీగ దగ్గర మాత్రం వాదించుకున్నాం. ఇంట్లో 6 చదరపు మిల్లీమీటర్ల తీగ చుట్ట ఉంది, అది చాలదా అన్నాను. నాన్న కాగితం తిరగేసి లెక్క వేశారు. ఛార్జర్ 30 ఇవ్వాలంటే బానెట్ వైపు నుంచి దాదాపు 40 తీసుకుంటుంది. పోవడం ఐదు మీటర్లు, రావడం ఐదు మీటర్లు. 6 తీగలో దారిలోనే ఒక వోల్టు పైన పోతుంది, 16 తీగలో అర వోల్టు లోపు. పన్నెండులో ఒకటి పోవడమంటే మాటలా? ఆల్టర్నేటర్ 12న్నరకి దిగినప్పుడు ఛార్జర్ దాకా చేరేది 11 చిల్లరే, ఇంజిన్ ఆగిపోయిందనుకుని అది పని మానేసినా మానేస్తుంది. 16 తీగే కొన్నాను. రెండు కొసలా బ్యాటరీకి జానెడు దూరంలోనే 60 ఆంపియర్ల ఫ్యూజులు. ఫ్యూజు కాపాడేది తీగనని, మోటారుని కాదని, అందుకే తీగ మందం చూసి ఫ్యూజు వేయాలని మా ఊళ్లో రైతులకి ఎన్నిసార్లు చెప్పారో నాన్న. మోటారు ఫ్యూజుల్లో రాగితీగలు నాలుగైదు మెలేసి కట్టినవాళ్లని చూసి చూసి విసిగిన మనిషి.

తీగ కొసల లగ్గులు మాత్రం నా చేత్తోనే క్రింప్ చేశాను. తీగ పోగు ఒక్కటి కూడా బయట మిగలకుండా లగ్గులోకి దూర్చి, హైడ్రాలిక్ క్రింపర్‌తో రెండు చోట్ల నొక్కి, గట్టిగా లాగి చూసి, పైన హీట్ ష్రింక్ వేశాను. ఛార్జర్ పనిచేసేటప్పుడు అరవై వాట్ల దాకా వేడిగానే వదిలేస్తుంది కాబట్టి, పరుపుకి దూరంగా, రెక్కలు నిలువుగా ఉండేలా, పైనా కిందా గాలి ఆడేలా బిగించాం.

ఈ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ మీద తొలి పరిశోధన పత్రం 1997లో టెక్సాస్ యూనివర్సిటీ నుంచి వచ్చింది. జాన్ గుడ్‌ఇనఫ్ ప్రయోగశాలలో పనిచేసిన అక్షయ పాఢి, నంజుండస్వామి దాని రచయితల్లో ఉన్నారు. గుడ్‌ఇనఫ్‌కి 2019లో నోబెల్ వచ్చింది. మన పిల్లలకి ఆ మిగతా రెండు పేర్లు కూడా తెలియాలని నా కోరిక. నాన్నకి బ్యాటరీ అంటే తిరుపతి దగ్గర తయారయ్యే అమరాన్, నెలనెలా డిస్టిల్డ్ వాటర్ పోసే ఇన్వర్టర్ బ్యాటరీ. ఆ అమరాన్ చేసే అమరరాజా వాళ్లే మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం ఫ్యాక్టరీ పెడుతున్నారని చెబితే, నీళ్లు పోసే పని లేని బ్యాటరీ మన దగ్గరే వస్తుందా అని సంతోషపడ్డారు.

తర్వాత స్కాట్లండ్ వెళ్లాం. ఆపిల్‌క్రాస్‌కి పోయే బ్యాలఖ్ న బా కనుమ సముద్రమట్టం నుంచి 626 మీటర్లకి ఎక్కుతుంది, ఒకే బండి పట్టే దారి, మెలికల మీద మెలికలు. మా ఆయన నడుపుతుంటే నాన్న పక్కన కూర్చుని నా ఫోన్లో ఛార్జర్ యాప్ చూస్తున్నారు. ఎక్కేటప్పుడు ఆల్టర్నేటర్ వైపు 12.4, 12.5. దిగేటప్పుడు 14.8, 14.9. బ్యాటరీ వైపు అంకె మాత్రం కదల్లేదు. కింద సముద్రం, ఎదురుగా స్కై ద్వీపం కొండలు, నాన్న తలెత్తి చూస్తే కదా! పైన పార్కింగ్‌లో ఆగినప్పుడు బానెట్ తీయించి, ఫ్యూజు పక్క లగ్గుని వేళ్ల వెనకవైపుతో తాకి చూశారు. చల్లగానే ఉందట. లూజ్ కాంటాక్ట్ ఉంటే ముందు అక్కడే వేడి తెలుస్తుంది.

ఆ దేశంలో బయలు ప్రదేశాల్లో డేరా వేసుకోవడానికి 2003 చట్టం ఇచ్చిన స్వేచ్ఛ మోటారు బండ్లకి లేదు. అందుకని అనుమతి ఉన్న చిన్న చిన్న చోట్లలోనే ఆగాం, చాలావాటిలో కరెంటు సాకెట్ లేదు. ఫ్రిజ్ 4 డిగ్రీల దగ్గరే ఉంది. అమ్మ ప్రతి రాత్రీ ఒకసారి తలుపు తీసి చూసుకునేది, తర్వాత తర్వాత చూడటం మానేసింది.

చలికాలానికి ఇంకో జాగ్రత్త ఉంది. సున్నా కింద లిథియం కరెంటు ఇస్తుంది గానీ తీసుకోకూడదు, లోపల లోహం పొరగా పేరుకుని సెల్ పాడవుతుంది. మంచి బ్యాటరీలో ఉండే రక్షణ సర్క్యూటు అప్పుడు ఛార్జింగ్‌ని తెంచేస్తుంది. అందుకే బ్యాటరీని మనుషులు పడుకునే వెచ్చని భాగంలోనే ఉంచాం. పొద్దున హీటర్ వేశాకే బండి తీస్తాం.

నాన్న వెళ్లాక పైకప్పు మీద 175 వాట్ల సోలార్ ప్యానెల్ పెట్టాను. డిసెంబరులో ఇన్వర్‌నెస్ దగ్గర పగలు ఆరున్నర గంటలే, అప్పుడు దాని వల్ల ఒరిగేది తక్కువ, ఏప్రిల్ నుంచి మాత్రం బాగా ఆదుకుంటుంది. ఫోన్లో చెప్పగానే నాన్న అడిగిన మొదటి మాట, "దానికి ఐసోలేటర్ ఎక్కడ పెట్టావ్?" ప్యానెల్‌కీ రెగ్యులేటర్‌కీ మధ్య, రెండు తీగల్నీ ఒకేసారి తెంచే స్విచ్ పెట్టానని చెప్పాను. ఇంజిన్ ఆపొచ్చు, క్యాంప్‌సైట్ ప్లగ్గు పీకొచ్చు, ఎండని ఆపలేం. పని చేయాలంటే ముందు ప్యానెల్ తెంచాలి, ఆ తర్వాతే బ్యాటరీ మెయిన్ స్విచ్, ఎందుకంటే బ్యాటరీ లేకుండా ప్యానెల్ ఒక్కటే మిగిలితే రెగ్యులేటర్ దెబ్బతినొచ్చు. అల్మారా తలుపు లోపల అంటించిన పాత వైరింగు బొమ్మ తీసేసి, మూడు సప్లైలూ, తెంచాల్సిన వరసా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి కొత్తది అంటించాను. నాన్నకి ఫోటో పంపితే, ఫ్యూజుల పక్కన వాటి ఆంపియర్లు కూడా రాయమన్నారు. రాశాను.