నట్టింటి నాపరాయి

మానవుని తొలి నివాసం కొండగుహ. అతని తొలి పనిముట్టు రాయి. గుహను విడిచి గృహాన్ని నిర్మించుకొన్న తరువాత కూడా మానవుడు రాతిని విడువలేదు. తెలుగువారి ఇంటినే చూడండి. దంచుకోవడానికి రోలు, విసరుకోవడానికి తిరగలి, నూరుకోవడానికి సన్నికల్లు, నలుగురూ కూర్చొని ముచ్చటించుకోవడానికి వీధి అరుగు - అన్నీ రాతి రూపాలే. వివాహవేళ వధువు చేత సన్నికల్లు తొక్కిస్తారు. శిలవలె స్థిరంగా నిలువుమన్నది ఆ ఆచారంలోని భావం. కరుణ లేనివానిని రాతిగుండెవాడని నిందించే తెలుగువారే, ఆపద వచ్చినప్పుడు గుండె రాయి చేసుకొమ్మని ఓదారుస్తారు. కాఠిన్యానికీ, స్థైర్యానికీ ఒకే ఉపమానం. ఈ రెండు గుణాలూ నట్టింట పరచిన నాపరాతిలో ఉన్నాయి.

నాపరాయి సున్నపురాతి జాతికి చెందింది. కోట్ల సంవత్సరాల క్రితం సముద్రగర్భంలో పొరమీద పొరగా పేరుకొన్న సున్నపు పదార్థం కాలక్రమాన గట్టిపడి శిలగా మారింది. ఆ పొరల వెంబడి గునపం మోపితే బండ పుస్తకంలోని పుటవలె విడివడుతుంది. తెలంగాణలో వికారాబాదు జిల్లాలోని తాండూరు, ఆంధ్రప్రదేశ్‌లో నంద్యాల జిల్లాలోని బేతంచర్ల నాపరాళ్ళకు పేరుపొందాయి. కర్ణాటకలోని షాబాదు నుండి వచ్చే బండలు తెలంగాణ పల్లెల్లో ఎంతగా వాడుకలోకి వచ్చాయంటే, చాలామందికి నాపరాయి అంటే షాబాదు బండే. కడప పేరు మోసుకొని తిరిగే నల్లరాయి దేశమంతటా వంటగదుల గట్టుగా అమరింది. ఊరి పేరే వస్తువు పేరైన అరుదైన గౌరవమిది.

ఈ జాతి శిలకు కళాచరిత్రలోనూ ఉన్నతస్థానం ఉంది. అమరావతి స్తూపాన్ని అలంకరించిన శిల్పాలు పల్నాటి సున్నపురాతిపై మలచినవే. వాటిలో కొన్ని నేడు చెన్నైలోని ప్రభుత్వ మ్యూజియంలోను, లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలోను ఉన్నాయి. మరొకవైపు నంద్యాల జిల్లాలోని బెలుం గుహలను చూస్తే ప్రకృతే శిల్పి అని తోస్తుంది. మూడు కిలోమీటర్లకు పైగా సాగే ఆ గుహలను ఏ ఉలీ తొలచలేదు. సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగించిన నీరే తొలచింది.

రాయలసీమలో నాపరాయి కేవలం నేలకు పరిమితం కాలేదు. మిద్దెకు కప్పుగా, గోడలో గూటికి అడుగుబల్లగా, పొలానికి నిలువు బండల కంచెగా అది బహురూపాలు ధరించింది. దొరికిన రాతితో ఇల్లు కట్టుకోవడం పేదరికానికి గుర్తు కాదు. ప్రాంతాన్ని ఎరిగి బ్రతకడం. వేసవి మధ్యాహ్నం నాపరాతి నేలపై తడిగుడ్డ వేసి తుడిచి, చాప కూడా పరచకుండా పడుకొన్నవారికి ఆ చల్లదనం విలువ తెలుసు. నిజానికి ఒకే గదిలో నీడన ఉన్న రాయీ, చెక్క తలుపూ ఇంచుమించు ఒకే వేడిమిలో ఉంటాయి. అయితే రాయి పాదంలోని వేడిని చెక్క కంటె త్వరగా గ్రహిస్తుంది. అందుకే అది చల్లగా తోస్తుంది. మందపాటి రాయి త్వరగా వేడెక్కదు కూడా.

గుణం ఉన్న చోటనే దోషమూ ఉంటుంది. సున్నపురాయికి పులుపు సరిపడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, పెరుగు ఒలికి కొంతసేపు నిలిస్తే నల్లని కడప రాతిపై తెల్లని మచ్చ పడుతుంది. అది అంటిన మురికి కాదు, కరిగిన రాయి. ఈ సంగతి తెలియక మరకలు పోగొట్టడానికి యాసిడ్ పోసి నేలను కడిగేవారున్నారు. మరకతోపాటు రాతి మెరుగు కూడా పోతుంది. జర్మన్ శాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ మోస్ 1812లో ఖనిజాల కాఠిన్యానికి ఒకటి నుండి పది వరకు ఒక కొలమానం ఏర్పరచాడు. అందులో సున్నపురాతిలోని కాల్సైట్ స్థానం 3, ఇసుకలోని క్వార్ట్జ్ స్థానం 7. చెప్పులకు అంటి వచ్చిన ఇసుకరేణువు నాపరాతిని ఎందుకు గీస్తుందో దీనివల్ల బోధపడుతుంది. వాకిట కాళ్ళు తుడుచుకోవడం, తడిపెట్టే ముందు ఊడ్వడం పెద్దలు పెట్టిన నియమాలు. వాటిలో శుభ్రతతోపాటు శిలారక్షణ కూడా ఇమిడి ఉంది.

గ్రానైటు తత్త్వం వేరు. భూగర్భంలో ద్రవరూపంలో ఉన్న పదార్థం నెమ్మదిగా చల్లారి అది ఏర్పడింది. వంటింటి పులుపు దానిని బాధించదు. కరీంనగర్ ప్రాంతపు గోధుమవన్నె గ్రానైటు దేశవిదేశాలకు వెళ్తున్నది. ప్రకాశం జిల్లా చీమకుర్తిలో లభించే నల్లరాతిలో బంగారు చుక్కలు మెరుస్తాయి. ఆ రాతికి వ్యాపారులు నక్షత్రసమూహం పేరిట 'బ్లాక్ గెలాక్సీ' అని నామకరణం చేశారు. ఆ చుక్కలు బంగారం కావు. బ్రాంజైట్ అనే ఖనిజపు రేణువులు. అయితే మెరుపు ఒక్కటే చూసి రాతిని ఎంచుకోవడం వివేకం కాదు. అద్దంవలె నునుపు చేసిన రాయి తడిసినప్పుడు జారుతుంది. స్నానాలగదిలో, మెట్లపై గరుకురాయి పరచిన ఇంట్లో వృద్ధులు నిర్భయంగా నడుస్తారు. వంటగట్టుకు గ్రానైటు, నట్టింటికి నాపరాయి, తడి తగిలే చోట గరుకు బండ - ఇట్లా ఏ రాయి ఎక్కడ తగునో తెలిసి అమర్చడమే నిజమైన గృహాలంకరణ.

రాతి అందాన్ని మెచ్చుకొనేవారు దాని వెనుక ఉన్న మనిషిని కూడా తలచుకోవాలి. రాతిని కోసేటప్పుడు, నూరేటప్పుడు సన్నని ధూళి లేస్తుంది. అందులోని సిలికా రేణువులు ఏళ్ళ తరబడి ఊపిరితిత్తులలో చేరితే సిలికోసిస్ అనే వ్యాధి కలుగుతుంది. ఆ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు లేదు. రాకుండా నివారించడమే మార్గం. తరతరాల పిల్లలు అక్షరాలు దిద్దుకొన్న పలకలకు మార్కాపురం ప్రసిద్ధి. ఆ పలకపై వ్రాసే బలపం కూడా రాతినుండి పుట్టినదే. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసిన కార్మికులు ఎందరో ఈ వ్యాధికి లోనయ్యారు. ఒక బిడ్డ చేతికి అక్షరం అందించడానికి మరొకరి ఊపిరి వెలగా చెల్లింది. రాతిపొడిని జిగురుతో కలిపి తయారుచేసే కృత్రిమశిలలో సిలికా చాలా అధికం. దానిని కోసే కార్మికుల ప్రాణాలను దృష్టిలో పెట్టుకొని ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుండి దాని వాడకాన్ని నిషేధించింది. మన ఇండ్ల ముంగిట రాతిని పొడిగా కోసే దృశ్యం నేటికీ కనిపిస్తుంది. కోతయంత్రంపై నీరు ధారగా పడేటట్లు చేస్తే ధూళి చాలావరకు అణగిపోతుంది. మేస్త్రీని నీళ్ళు పెట్టి కోయమని చెప్పడం, అతనికి తగిన ముసుగు సమకూర్చడం ఇంటి యజమాని ధర్మం. ఖర్చు స్వల్పం, దక్కేది ఒక మనిషి ఆయువు.

గని కోసిన భూమి తిరిగి పూడదు. పనికిరాని ముక్కలు గుట్టలై పొలాల అంచున నిలుస్తాయి. పాత ఇంటిని పడగొట్టినప్పుడు నాపరాళ్ళను పగులగొట్టి పారవేయడం అందుకే తప్పు. జాగ్రత్తగా పెకలించిన బండ మరొక ఇంట పనికివస్తుంది. అరిగిన ముఖాన్ని మళ్ళీ నూరి మెరుగు పెట్టవచ్చు. తాతగారి ఇంట పరచిన బండలే మనుమని ఇంట పరచుకొనడం పిసినారితనం కాదు, వారసత్వం. కోట్ల ఏండ్లకు ఏర్పడిన శిలను ముప్పై ఏండ్లకు చెత్తగా మార్చే హక్కు ఎవరికీ లేదు.

రేపు ఇండ్లు కట్టుకోబోయే వారు నేటి విద్యార్థులే. రాయి ధర అడగడం అందరూ చేసే పని. అది ఏ నేలలో పుట్టింది, ఎవరి చేతుల మీదుగా వచ్చింది, ఎంతకాలం నిలుస్తుంది అని కూడా అడగగలగడం విద్యావంతుని లక్షణం. ఆ మూడు ప్రశ్నలు వేసి తెచ్చుకొన్న బండ నట్టింట ఉంటే, దానిపై పెట్టిన ప్రతి అడుగూ కృతజ్ఞతతో పడుతుంది.