శిఖరం చెప్పే ఊరు

ఊరి పేరు రాయని పాత ప్రయాణ ఛాయాచిత్రంలో వంపు తిరిగి పైకి లేచిన గుడి శిఖరం, దాని తలమీద ఉసిరికాయలా గాళ్లు తీర్చిన గుండ్రని ఆమలకం కనిపిస్తే, చూసేవారి ఊహ సాధారణంగా భువనేశ్వరం వైపే పోతుంది. అయితే రేఖానాగరం అని పిలిచే ఈ ఉత్తరాది శిఖర పద్ధతి తుంగభద్ర ఒడ్డున అలంపురంలోనూ ఉందనీ, 7, 8 శతాబ్దాలలో బాదామి చాళుక్యులు కట్టించిన నవబ్రహ్మ ఆలయాలలో తారకబ్రహ్మ తప్ప మిగిలినవి ఇంచుమించు ఈ తీరువేననీ ఎరిగినవారు తొందరపడరు. వారు ముందుగా శిఖరం మొదలును పరిశీలిస్తారు. భువనేశ్వరంలో గర్భగుడి గోడే నేల నుంచి నిట్టనిలువుగా లేచి శిఖరమవుతుంది. అలంపురంలోనైతే శిఖరం పొడవాటి మండపపు కప్పు మీదుగా తొంగిచూస్తుంది, ఎందుకంటే అక్కడ గర్భగుడి చుట్టూ ప్రదక్షిణ మార్గం కూడా ఆ కప్పు కిందే ఇమిడి ఉంటుంది. ఇలాంటి నిర్మాణాన్ని సాంధారం అంటారు. గోడల్లో రాతిజాలీ కిటికీలు, స్వర్గబ్రహ్మ ఆలయంలోలాగా కోష్ఠాలలో, అంటే దేవతామూర్తుల కోసం తీర్చిన గూళ్లలో, దిక్పాలకులు కనిపిస్తే సందేహం దాదాపు తీరినట్టే.

కూడవెల్లి సంగమేశ్వరాలయం విషయంలో మాత్రం ఇంతటి పరిశీలన కూడా చాలదు. కృష్ణా తుంగభద్రలు కలిసేచోట నిలిచిన ఆ గుడి శ్రీశైలం జలాశయంలో మునిగిపోకుండా, దాని రాళ్లను విప్పి అలంపురానికి తరలించి తిరిగి కట్టారు. కనుక అవే గోడలు, అవే శిల్పాలు ఉన్న రెండు చిత్రాలు రెండు వేర్వేరు ఊళ్లవి కావచ్చు. అక్కడ శిల్పం కంటే వెనుకనున్న నేలా నీళ్లే నమ్మదగిన సాక్ష్యం, చిత్రం తీసిన ఏడు దొరికితే అది ఇంకా గట్టిది.