తోలు తెలిసినోడు

డప్పు ఎన్నాళ్ళు మోగుద్దో మా నాయన తట్టి చెప్పేవాడు. మంట దగ్గర సెగ చూపించి, సిర్రతో ఒక్క దెబ్బ కొట్టి వినేవాడు. "తోలు సరిగ్గా బిగించలేదురా, వానాకాలం దాటదు" అంటే దాటేది కాదు. చెప్పులు కుట్టి, డప్పు కొట్టి నన్ను చదివించాడు. ఆదివారం నాయన చర్చిలోకి వచ్చేవాడు గానీ డప్పుని రానిచ్చేవాళ్ళు కాదు. అది సైతాను వాయిద్యమంట.

ఇంటర్ తప్పి మద్రాసు పోయాను. పియానోలు శ్రుతి చేసే ఒక ముసలాయన దగ్గర మూడేళ్ళు పనిముట్ల పెట్టె మోశాను. ఆ పనే నాకు అన్నం పెట్టింది.

1996లో మా గూడెం సంఘానికి పియానో మీద మనసు పుట్టింది. టౌనులో ఒక బంగళాలో దొరల కాలంనాటి నిలువు పియానో అమ్ముతున్నారు. ధర 18 వేలు. మిరపకోత కూలిలో మిగిల్చి ఇంటింటా దాచిన డబ్బులు. చూసి రమ్మని నన్ను పంపారు. నాయన తోడొచ్చాడు.

పైకి నిగనిగలాడతా ఉంది. "ఇంకో యాభై ఏళ్ళు ఢోకా లేదు" అన్నాడు బంగళా ఆయన. నాయన దగ్గరికి పోబోతే, "నువ్వు ముట్టుకోమాక" అన్నాడు. నాయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ చెయ్యి అట్టా వెనక్కి రావడం నేను పుట్టిన కాణ్ణించీ చూస్తానే ఉన్నాను.

పై పలక తీసి 88 మెట్లూ నొక్కి చూశాను. శ్రుతి అర స్వరం దిగింది. అది రోగం కాదు, ఏళ్ళ తరబడి పట్టించుకోకపోతే ఏ పియానో అయినా దిగుద్ది. సుత్తుల ఉన్ని మీద తీగల గాట్లు పడ్డాయి. సానబడితే పోతాయి. వెనక నాదం పలికే పలక చీలింది. చీలినంత మాత్రాన చావదు, అదరకుండా ఉంటే చాలు. ఇనప చట్రం పగల్లేదు.

కానీ ఒకే మెట్టుకున్న మూడు తీగలు మూడు దారులు పడతన్నాయి. అక్కడ అనుమానమొచ్చింది. తీగ చుట్టిన మేకుని తాళంతో తిప్పితే బురదలో గుంజలాగా కదిలింది. లోపల 200కు పైగా తీగలు, అన్నీ కలిపి 15 టన్నులకు తక్కువ కాకుండా లాగుతా ఉంటాయి. మేకుల్ని పట్టి ఉంచేది వాటి వెనక చెక్క దిమ్మ. అది తడికి ఉబ్బి, ఎండకి పగిలి పట్టు వదిలేసింది. వట్టి వదులైతే లావు మేకులెయ్యొచ్చు, దిమ్మే పగిలితే అవీ నిలవవు. ఇయ్యాల శ్రుతి చేస్తే ఆదివారానికి దిగిపోద్ది.

నాయన నా భుజం మీదగా తొంగి చూశాడు.

"ఆ సుత్తుల కాడ ఉంది తోలు కదరా?"

అవును. సుత్తి వెనక్కొచ్చి ఆగే చోట మెత్తటి తోలు అంటించి ఉంటది.

"మంచి పదునైన తోలు. దానికేం కాలా. చెక్కే చచ్చింది" అన్నాడు. ముట్టుకోకుండానే చెప్పాడు.

వద్దని చెబితే పెద్దలకి కోపమొచ్చింది. బంగళా ఆయన కంటే మాదిగోడికి ఎక్కువ తెలుసా అన్నారు. అన్నోళ్ళూ మాదిగలే. చివరికి హార్మోనియం కొన్నారు.

ఆ ఆదివారం చర్చిలో లేచి చెప్పాను: "పియానో లోపల కూడా తోలుంది. మరి నాయన డప్పేం పాపం చేసింది?"

ఎవరూ ఆమెన్ అనలేదు.