గిటారు పొట్టలో చీటీ

మన కథల్లో చేతివృత్తివాడు ఎక్కువగా ఆకలితో కనిపిస్తాడు. పని చేస్తూ కనిపించటం అరుదు. సాలెవాడి మగ్గం మూలపడి ఉంటుంది, కమ్మరి కొలిమి చల్లారి ఉంటుంది, వడ్రంగి అప్పిచ్చినవాడి ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉంటాడు. ఇవన్నీ నిజాలే, రాయవలసినవే. కాని ఆ చేతులు అలా కట్టుకోక ముందు ఏం చేసేవి, ఆ పనిలో ఎంత ఆలోచన ఉంది, ఆ ఆలోచన ఎవరిది అన్న ప్రశ్న మన రచయితలుగాని విమర్శకులుగాని తరుచుగా వేసుకోలేదు. శ్రమని గౌరవించాలంటే అందరం ఒప్పుకుంటాం. శ్రమలో ఉన్న మేధని గుర్తించటం వేరే సంగతి.

ఈ తేడా నాకు స్పష్టంగా కనిపించింది పుస్తకాల్లో కాదు, గిటార్ల పనిలో. నేను విజయనగరంలో ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరయినవాణ్ణి. ఇంటి వెనక ఒకప్పుడు వంటచెరుకు వేసుకునే పాక ఖాళీగా ఉంటే, అందులో ఒక బల్ల వేసి గిటార్లు చెయ్యటం మొదలుపెట్టాను. ఇప్పటికి రెండు పూర్తయినాయి, మూడోది సగంలో ఉంది. ధ్వని గురించి ముప్ఫయి ఏళ్ళు నల్లబల్ల మీద సమీకరణాలు రాసినవాడికి, ఆ ధ్వనిని చెక్కలోంచి రప్పించాలన్న కుతూహలం కలగటంలో వింత లేదు. అయితే ఈ పని నా ఒక్కడి చేతుల మీద జరగటం లేదు. మా వీధి చివర ఉండే వడ్రంగి మేస్త్రి ఆదివారాలూ, బయట పని దొరకని రోజులూ వచ్చి చేస్తాడు. ఆయన పేరు ఇక్కడ రాయటం లేదు. ఎందుకో తరవాత చెబుతాను.

గిటారంటే నడుమున్న చెక్కపెట్టె. తీగ తనంతట తాను చేసే చప్పుడు బొత్తిగా తక్కువ. అంత సన్నటి వస్తువు గాలిని కదిలించలేదు. తీగ కదలికని గుర్రం అందుకుని పైపలకకి ఇస్తుంది, పలక గాలిని కదిలిస్తుంది. నైలాను తీగల గిటారులో ఆరు తీగలూ కలిసి సుమారు 40 కిలోల బరువుతో లాగుతాయి. ఉక్కు తీగలయితే 70 దాకా పోతుంది. ఆ లాగుడుకి ఆగాలంటే పలక మందంగా ఉండాలి. మోగాలంటే పల్చగా ఉండాలి. గిటారు చేసేవాడి తిప్పలన్నీ ఈ వైరుధ్యంలోనే ఉన్నాయి. (గతితర్కం చదివిన విద్యార్థులు నవ్వుకోవచ్చు. కాని ఈ వైరుధ్యం రెండున్నర మిల్లీమీటర్ల చెక్కలో చేతికి తగులుతుంది.)

దీన్నొక దారికి తెచ్చినవాడు ఆంతోనియో దె తోర్రెస్ అనే స్పెయిన్ వడ్రంగి. 1817లో అల్మెరియా దగ్గర పుట్టాడు. పెట్టెని పెద్దది చేసి, పైపలకని పల్చన చేసి, దాని కింద విసనకర్ర ఈనెల్లాగా ఏడు సన్నటి పుల్లలు అతికించాడు. అలా పుల్లలు వెయ్యటం అంతకు ముందూ ఉన్నదే. దానికి కుదురు తెచ్చింది ఆయన. 1862లో ఆయన ఒక చిత్రమైన గిటారు కట్టాడు: పైపలక మంచి కర్ర, వెనకా పక్కలూ వట్టి కాగితపు అట్ట. ధ్వనికి ప్రధానం పైపలకేనని తేల్చటానికి చేసిన పని అది. ఆ గిటారు బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. ఒక్క అంశాన్ని నిలిపి మిగిలినవాటిని పక్కకి నెట్టి చూడటం మేము లాబొరేటరీలో పిల్లలకి నేర్పే మొదటి పాఠం. అయినా తోర్రెస్ పేరు శాస్త్రజ్ఞుల జాబితాలో కనిపించదు, వడ్రంగుల జాబితాలో కనిపిస్తుంది. ఇంతటి పనివాడు 1870 ప్రాంతంలో గిటార్లు మానేసి, అల్మెరియాలో పింగాణీ సామాను దుకాణం పెట్టుకున్నాడు. మళ్ళీ 1875లో పని మొదలుపెట్టి 1892లో చనిపోయేదాకా చేశాడు.

చివరి రోజుల్లో ఎవరో ఆయన్ని రహస్యం అడిగితే, అది తన బొటనవేలు, చూపుడువేలు కొసల్లో ఉందనీ, తనతోపాటే సమాధిలోకి పోతుందనీ అన్నాడట. ఆయన్ని ఎరిగిన ఒక మతాచార్యుడు రాసిపెట్టిన మాట ఇది. కళారాధకులకి ఇలాంటి మాటలంటే మహా ఇష్టం. సమాధిలోకి పోయే రహస్యమంటే నాకు గౌరవం లేదు. నేర్చుకునేవాడు పక్కన ఉంటే, నేర్పటానికి వ్యవధి ఉంటే, ఏ విద్యా సమాధిలోకి పోనక్కర్లేదు. అయితే వేళ్ళ కొసల్లో జ్ఞానం ఉందన్నది మాత్రం వట్టి మాట కాదు. అది నా కళ్ళారా చూశాను.

రెండో గిటారు పైపలకకి స్ప్రూసు అనే చలిదేశపు కర్ర పోస్టులో తెప్పించాను. మేస్త్రి ఆ కర్రని అంతకు ముందు చూసి ఎరగడు. వాసన చూశాడు, గోటితో గీశాడు, వెలుతురుకి పట్టి చారలు చూశాడు. "చారలు నిటారుగా వచ్చేటట్టు కోశారు మాస్టారూ, కోసినవాడికి పని తెలుసు" అన్నాడు. చిత్రిక పడుతూ మధ్య మధ్య ఆగి, పలకని రెండు చేతుల్లో పట్టుకుని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొద్దిగా వంచేవాడు. ఒక మూల పట్టుకుని వేలెముకతో తట్టి వినేవాడు. నా దగ్గర మందం కొలిచే పరికరం ఉంది. దాని లెక్క ప్రకారం పలక అంతటా ఒకే మందం. ఆయన మాత్రం "అంచు ఇంకా బిగువుగా ఉంది" అని కిందివైపు నాలుగైదు పొరలు లాగాడు. తరవాత పలక మీద చిన్న బరువులు పెట్టి ఎంత వంగుతుందో కొలిచాను. తేడా స్పష్టంగా వచ్చింది. కారణం ఫిజిక్సు పుస్తకంలోనే ఉంది: బిగువు మందాన్ని బట్టి మూడో ఘాతంలో మారుతుంది. మందం పదో వంతు తగ్గితే బిగువు నాలుగో వంతుకి పైగా పడిపోతుంది. కంటికీ కొలబద్దకీ లెక్కలోకి రాని తేడా, వంచి చూసే చేతికి పెద్దదిగానే తెలుస్తుంది. సూత్రం నాకు తెలుసు, సంగతి ఆయనకి తెలుసు. సూత్రం ఆయనకి చెబితే ఒక్క నిమిషంలో అర్థమయింది. సంగతి నా చేతికి ఇంకా పూర్తిగా రాలేదు.

శ్రమ వల్లనే మనిషి చెయ్యి ఈ రూపానికి వచ్చిందని ఎంగెల్స్ 1876లో వాదించాడు. మన స్టడీ సర్కిల్స్‌లో దాన్ని కోతి నుంచి మనిషి దాకా వచ్చిన పాతకథలాగా చెప్పి వదిలేస్తాం. ఆ చెయ్యి ఇప్పుడు మన వీధిలో ఏం చేస్తోందన్న ప్రశ్న దగ్గరికి రాము.

ఏం చేస్తోందో చెబుతాను. మేస్త్రి తండ్రి రథాలకి చక్రాలు చేసినవాడు, తను కుర్రతనంలో టేకు గుమ్మాలు చెక్కినవాడు. ఇప్పుడు ఫ్యాక్టరీలో తయారయి వచ్చే అద్దకపు చెక్క తలుపులకి మడతబందులు బిగిస్తాడు. కంట్రాక్టరు రోజుకూలి ఇస్తాడు. ఆ పనికి స్క్రూలు తిప్పే చెయ్యి చాలు. వంచి చూసే చెయ్యి అక్కర్లేదు. కూలి మునుపటి కంటె తక్కువని కూడా అనలేం. ఆకలి కథ రాయదలుచుకున్నవాడికి ఇక్కడ కథ దొరకదు. కాని ఒక మనిషిలో సగం ఊరికే పడి ఉంది.

ఈ పని గురించి విని మిత్రుడొకాయన, మంచి మార్క్సిస్టు, నన్ను నిలదీశాడు. ఇది రిటైరయిన మధ్యతరగతివాడి కాలక్షేపమనీ, చేతివృత్తుల మీద మోజు అభివృద్ధి నిరోధకమనీ ఆయన వాదం. విలియం మారిస్ అంతటి సోషలిస్టు చేతిపనిని నిలబెట్టాలని చూస్తే, చివరికి ఆ సామాన్లు డబ్బున్నవాళ్ళ ఇళ్ళకే చేరాయి గదా అన్నాడు. నిజమే. యంత్రం మీద నాకూ కోపం లేదు. మేస్త్రి వారం రోజుల కూలి పెడితే బజార్లో ఫ్యాక్టరీ గిటారు వస్తుంది. యంత్రం లేకపోతే మా వీధి కుర్రాళ్ళ చేతుల్లో గిటారే ఉండదు. మా గిటారు ఒకటి పధ్నాలుగు నెలల ఆదివారాలు తిన్నది. దాన్ని అమ్మకానికి పెడితే కూలి కూడా రాదు. ఆయన ప్రశ్న నా కాలక్షేపం గురించి అయితే నాకు జవాబు అక్కర్లేదు. మేస్త్రి చేతి గురించి అయితే, యంత్రం వచ్చింది కాబట్టి ఆ చేతిలో ఉన్న ఆలోచన కూడా అక్కర్లేదన్నది అభ్యుదయం ఎలా అవుతుందో ఆయన చెప్పలేదు.

చేతి ఆలోచన మీద తగాదా కొత్తది కాదు. 1820ల్లో జర్మనీలో, సాక్సనీలోని మార్క్‌నాయ్‌కిర్షెన్ అనే ఊళ్ళో, గిటార్లు చేసే హక్కు ఎవరిదని రెండు వృత్తి సంఘాలు కొట్లాడుకున్నాయి. ఫిడేళ్ళు చేసేవాళ్ళు తాము కళాకారులమనీ, బీరువాలు చేసే వడ్రంగులకి గిటారు ముట్టే అర్హత లేదనీ అధికారులకి అర్జీలు పెట్టుకున్నారు. ఆ వడ్రంగుల వైపు కుటుంబంలో పుట్టినవాడు మార్టిన్; 1833లో ఊరు వదిలి అమెరికా వెళ్ళిపోయాడు. ఈనాటికీ ఉక్కు తీగల గిటార్లకి పేరుపడ్డ కంపెనీ ఆయన పెట్టిందే. కులం మన దేశపు ప్రత్యేకత అనుకునేవాళ్ళు ఈ అర్జీల సంగతి తెలుసుకోవాలి. అయితే మార్టిన్ ఓడెక్కి పోగలిగాడు. మనవాడికి ఓడెక్కినా కులం వెంట వస్తుంది. నేను ఉలి పట్టుకుంటే "మాస్టారికి ఎంత ఓపిక!" అని మెచ్చుకున్న పక్కింటివాళ్ళు, అదే పాకలో అదే ఉలి పట్టుకున్న మేస్త్రిని ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఆయనకది పుట్టుకతో వచ్చిందట! కష్టపడి నేర్చుకున్న విద్యని పుట్టుకకి జమకట్టటం కంటె పెద్ద దోపిడీ ఉందా?

రెండేళ్ళ కిందట ఇద్దరం బొబ్బిలి పక్కన గొల్లపల్లి వెళ్ళాం. అక్కడ ఒకే పనస మొద్దులోంచి కుండా దండీ తొలిచి ఏకాండి వీణలు చేస్తారు. గిటారు మెట్ల స్థానాలు నేను లెక్క కట్టి గీస్తాను: తీగ పొడుగు 650 మిల్లీమీటర్లయితే మొదటి మెట్టు 36 న్నర దగ్గర, పన్నెండోది సరిగ్గా సగంలో. వీణకి ఇరవై నాలుగు మెట్లనీ మైనంలో చెవితో నిలబెడతారు. గెలీలియో తండ్రి విన్సెంజో 1581లో మెట్ల మధ్య దూరానికి పద్ధెనిమిదికి పదిహేడు నిష్పత్తి చెప్పాడు. ఆయనా వాద్యం వాయించే చెయ్యే. మేస్త్రి అక్కడి పనివాళ్ళతో గంటసేపు మాట్లాడాడు. కుండ గోడ ఎంత పల్చనయిందో లోపలినుంచి ఎలా తెలుస్తుందని ఆయన అడిగిన ప్రశ్న నాకు తట్టలేదు. తట్టి వింటామని వాళ్ళు చూపించారు. అదే షెడ్డులో ఒక వరసలో జానెడు వీణలు ఆరబెట్టి ఉన్నాయి. అవి వాయించటానికి కాదు, సభల్లో పెద్దమనుషులకి బహూకరించటానికి. సంగీతం చెయ్యగల చేతులకి బొమ్మలు చెయ్యటం అన్నం పెడుతున్నది.

అక్కణ్ణుంచి తెచ్చుకున్న పనస చెక్కతోనే రెండో గిటారు వెనకా పక్కలూ చేశాం. రెండు మిల్లీమీటర్లకి పల్చన చేసి, తడిపి, లోపల మంట పెట్టిన ఇనప గొట్టం మీద ఒత్తితే చెక్క మెల్లిగా లొంగుతుంది. మొదటిదానికి కూల్చేసిన ఇంటి తలుపు టేకు వాడాం. విదేశీ గిటార్లకి ఎక్కువగా వాడే ఇండియన్ రోజ్‌వుడ్ మన ఇరుగుడే. బ్రెజిల్ కర్ర దొరకటం కష్టమయి మార్టిన్ కంపెనీ 1969లో దీనికి మళ్ళింది. 2017లో ఆ జాతి కర్రల వర్తకం మీద అంతర్జాతీయ నియంత్రణ వచ్చింది. 2019లో తయారయిన వాద్యాలకి సడలింపు ఇచ్చారు. అడవి మనది, గిటారు పేరు వాళ్ళది.

పేరు అన్నాను గనక చీటీ విషయం చెప్పాలి. గిటారు చిల్లులోంచి చూస్తే లోపల వెనక పలక మీద చేసినవాడి చీటీ కనిపిస్తుంది. తోర్రెస్ తన చీటీల మీద పేరుతోపాటు ఏడు కూడా వేసేవాడు. పెద్ద కంపెనీల గిటార్లలో కంపెనీ పేరే ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942 నుంచి 1945 దాకా, మిషిగన్‌లోని కలమజూలో మగవాళ్ళు యుద్ధానికి పోతే, గిబ్సన్ ఫ్యాక్టరీలో స్త్రీలు వేలకొద్దీ గిటార్లు చేశారు. కంపెనీ మాత్రం ఆ కాలంలో వాద్యాల తయారీ ఆపేశామని చెప్పుకుంటూ వచ్చింది. జాన్ థామస్ అనే పరిశోధకుడు ఆ స్త్రీలలో బతికున్నవాళ్ళని వెతికి పుస్తకం రాసేటప్పటికి డెబ్భై ఏళ్ళు గడిచాయి. ఆ గిటార్లు కొనేవాళ్ళు ఇవాళ వాటికి పెద్ద ధర ఇస్తున్నారు. ఏ ఒక్క గిటారులోనూ చేసిన మనిషి పేరు లేదు.

మొదటి గిటారు మూసే ముందు చీటీ మీద ఇద్దరి పేర్లూ రాద్దామన్నాను. మేస్త్రి ఒప్పుకోలేదు.

"నా పేరెందుకు మాస్టారూ? కూలి తీసేసుకున్నాను కదా!"

ఎన్ని గుమ్మాలు చెక్కాడో, ఒక్కదాని మీదా తన పేరు లేదనీ, ఉండాలని తనకి తోచనుకూడా లేదనీ అన్నాడు. కూలి ముట్టినాక వస్తువుతో సంబంధం తెగిపోతుందన్నది ఆయన ఏ గ్రంథంలోనూ చదవలేదు. నలభై ఏళ్ళు రోజూ సాయంత్రం దాన్ని అనుభవించాడు. ఆయన పేరు వద్దన్నాక నా పేరు రాసుకోవటం నాకు ఇష్టం లేకపోయింది. రెండు గిటార్లలోనూ కర్రల పేర్లూ, సంవత్సరమూ మాత్రమే ఉన్నాయి. రెండోది ఒక విద్యార్థుల పాటల బృందం దగ్గర ఉంది. పనస వెనక ఉన్నందుకో ఏమో కింది తీగలు వీణలాగా నిండుగా పలుకుతున్నాయని వాళ్ళంటారు. తోర్రెస్ అట్ట గిటారు కథ చెప్పి, అది పైపలక చలవ అని నేనంటాను. వాళ్ళు నమ్మరు.

ఇప్పుడు మూడోదాని సంగతి. పలక సిద్ధమయింది. పుల్లలు ఏడు కాకుండా ఐదు వేసి, మధ్య పుల్ల కొంచెం ఎత్తుగా ఉంచుదామని మేస్త్రి అంటున్నాడు. గొల్లపల్లినుంచి వచ్చినప్పణ్ణుంచీ ఆయనకా ఆలోచన ఉందట. బొగ్గుముక్కతో బల్ల మీద గీసి చూపించాడు. నేను లెక్క వేసి చూశాను, నిలబడుతుంది. కిందటి వారం ఇంకో మాట కూడా అన్నాడు: "దీనికి నాకు కూలి వద్దు మాస్టారూ."

ఎందుకని అడగలేదు, నాకు తెలుసు. సంతోషించాలో లేదో తెలియలేదు. పని తనది అనుకోవాలంటే ఒక వడ్రంగి తన కూలి వదులుకోవాలా? కూలి తీసుకుంటూనే ఈ పని ఆయనది కావాలని నా వాదం. రెండూ ఒకచోట ఉండవని నలభై ఏళ్ళ అనుభవం ఆయన వాదం. ఇద్దరం పట్టు వదలలేదు. తీరప్రాంతపు చెమ్మ గాలిలో పుల్లలు అతికిస్తే, గాలి పొడిబారినప్పుడు పలక బిగిసి చిట్లుతుంది. అందుకని పలకని బల్బు వెలిగించిన బీరువాలో పెట్టి, పుష్యమాసం కోసం చూస్తున్నాం. అప్పటికి కూలి సంగతి తేలాలి. చీటీ కత్తిరించి పెట్టాను, ఇంకా ఏమీ రాయలేదు.