కోచింగ్ కొనలేదు, సమయం కొన్నాం

ఫ్రిస్కోలో కాలిన్ కౌంటీ వైపు ఇల్లున్నవాళ్లకు ఏటా వచ్చే ప్రాపర్టీ టాక్స్ బిల్లులో స్కూళ్లకు ఇంత, సిటీకి ఇంత, కౌంటీకి ఇంత అని రాసుంటుంది. వాటి పక్కనే కాలిన్ కాలేజీ పేరు కూడా ఉంటుంది. వంద డాలర్ల విలువకు ఎనిమిది సెంట్ల పైచిలుకు. ఆరు లక్షల డాలర్ల పన్ను విలువకు ఏడాదికి 480 డాలర్ల పైనే అవుతుంది. ఇంటి అప్పు వాయిదాతో కలిపి కట్టే ఎస్క్రోలోంచి పోతుంది కాబట్టి ఎవరి కంటా పడదు. నర్సింగ్ చదువుతానని ఇంట్లో చెప్పిన రోజు నేను మా ఆయనకు ముందుగా చూపించింది ఆ అంకెనే. పన్ను ఎలాగూ కడుతున్నాం. కౌంటీలో ఉన్నవాళ్లకు ఆ కాలేజీలో ఫీజు తక్కువ, బయటి కౌంటీవాళ్లకు ఎక్కువ. ఫ్రిస్కో కాలిన్, డెంటన్ కౌంటీలు రెండిట్లోనూ ఉంది కనుక మన ఇల్లు ఏ కౌంటీలో పడిందో చూసుకున్నాకే లెక్క మొదలుపెట్టాలి.

మా ఆయనది హెచ్1బీ వీసా, ఆయన భార్యగా నాది హెచ్4. హెచ్4 మీద ఉంటే చదువుకోకూడదనో, విద్యార్థి వీసా ఎఫ్1కి మారాలనో మన ఆడవాళ్లలో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. అక్కర్లేదు. పైగా టెక్సస్‌లో ఏడాదికి తగ్గకుండా స్థిరపడి ఉన్నామని కాగితాలు చూపిస్తే స్థానికుల ఫీజే తీసుకుంటారు. దొరకనిది ఫెడరల్ సాయం. గ్రీన్‌కార్డు లేనిదే ఆ అప్పూ రాదు, గ్రాంటూ రాదు. ప్రైవేటు బ్యాంకులను అడిగితే పౌరులో గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లో హామీ సంతకం పెట్టాలంటాయి. ఫీజు కోసం ఎవరి ఇంటికో వెళ్లి సంతకం అడగడం నాకిష్టం లేదు. చేతిలో ఉన్న డబ్బుతో ఎంత చదువు వస్తే అంతే చదవాలని తేల్చుకున్నాం.

ప్రవేశ పరీక్ష విలువ నాకు తెలిసొచ్చింది అక్కడే. ఇక్కడి నర్సింగ్ కాలేజీల్లో ఎక్కువగా వినపడేవి టీస్, హెసీ ఏ2 అనే రెండు పరీక్షలు. నేను రాసింది టీస్. 209 నిమిషాల్లో 170 ప్రశ్నలు, రీడింగ్, లెక్కలు, సైన్సు, ఇంగ్లీషు. పరీక్ష రుసుము పెద్దదేమీ కాదు. కానీ ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. అక్కడ సీటు రాకపోతే నర్సింగ్ తలుపులేమీ మూసుకుపోవు, కొన్ని రెట్లు ఖరీదైన ప్రైవేటు తలుపు తెరుచుకుంటుంది. అలాంటి ఒక స్కూలుకు ఫోన్ చేస్తే స్కోరు సంగతి ఎత్తకుండా వచ్చే నెల నుంచే చేరమన్నారు. మొత్తం ఫీజెంతో చెప్పించుకోవడానికి మాత్రం మూడుసార్లు అడగాల్సొచ్చింది. ఆ మొత్తంలోంచి ప్రభుత్వ కాలేజీ ఫీజు తీసేస్తే మిగిలేదే నా దృష్టిలో ఆ 209 నిమిషాల ఖరీదు.

ఈ లెక్క ఇంట్లో ఒప్పించడం తేలిక కాలేదు. అప్పటికే మా ఆయన షాద్‌నగర్ వైపు ప్లాటుకు అడ్వాన్సు కట్టడానికి డబ్బు తీసిపెట్టి ఉన్నారు. డల్లాస్ చుట్టుపక్కల మన ఇళ్లలో ఏ విందుకెళ్లినా పెరుగన్నం వేళకు ప్లాట్ల మాట వస్తుంది, ఆయనదీ అదే ధ్యాస. "చదువు మధ్యలో ఆగితే డబ్బు పోయినట్టే, ప్లాటైతే ఉంటుంది కదా" అన్నారు. "ప్లాటు నెలనెలా జీతం తేదు కదండీ" అన్నాను. అమెరికా కార్మిక శాఖ లెక్క ప్రకారం 2024 మేలో రిజిస్టర్డ్ నర్సుల మధ్యస్థ వేతనం ఏడాదికి 93,600 డాలర్లు, అంటే నెలకు 7,800. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను కూడా లేదు. ఫోన్‌లో "నర్సా?" అని ఆగిపోయిన మా అత్తగారు ఆ అంకె విన్నాక "రాత్రి డ్యూటీలుంటాయేమోనమ్మా, జాగ్రత్త" అన్నారు. అప్పటిదాకా చిన్నచూపు, ఆ తర్వాత ఆరోగ్యం మీద బెంగ! నేనేమీ అనలేదు. ప్లాటు మాట అక్కడితో ఆగింది, ఆ డబ్బు నా చదువుకు వచ్చింది.

దాన్ని ఎలా ఖర్చు పెట్టాలన్నది తర్వాతి ప్రశ్న. అన్నీ కలిపిన ఆన్‌లైన్ కోచింగ్ ప్యాకేజీలు కనపడ్డాయి. కొనలేదు. నేను తెనాలిలో బీకాం చదివినదాన్ని, పదో తరగతి తర్వాత సైన్సు పుస్తకం ముట్టలేదు. టీస్‌లో సైన్సుకు యాభై ప్రశ్నలు, అందులో పెద్ద వాటా అనాటమీ, ఫిజియాలజీలదే. నర్సింగ్‌లో చేరాలంటే ఆ కోర్సు ముందే ఎలాగూ పూర్తిచేయాలి. అందుకే ఆ తరగతి అయిన వెంటనే పరీక్ష పడేలా తేదీ పెట్టుకున్నాను. కోర్సుకు కట్టిన ఫీజే కోచింగ్ ఫీజు కూడా అయింది. తోడుగా హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్ల ఓపెన్‌స్టాక్స్ అనాటమీ పుస్తకం ఉంది, పైసా కట్టక్కర్లేదు. డబ్బిచ్చి కొన్నవి రెండే, పరీక్ష నడిపే ఏటీఐ వాళ్ల మాన్యువల్, వాళ్లదే ఒక నమూనా పరీక్ష.

ఇక లెక్కలు. శాతాలు, నిష్పత్తులు మనకు వచ్చినవే. చేయి తడబడేది కొలతల దగ్గర, పౌండ్లు, ఔన్సులు, గ్యాలన్లు. కిలోకు 2.2 పౌండ్లన్నది ఆలోచించకుండా తట్టాలి. దానికి ట్యూటర్ దేనికి? రోజూ కాస్త అభ్యాసం చాలు.

అసలు ఖర్చు పిల్లలను చూసుకునేవాళ్లకు అయింది. సాయంత్రం స్కూలయ్యాక వాళ్లను ఆఫ్టర్‌స్కూల్‌లో ఉంచి నేను ఫ్రిస్కో పబ్లిక్ లైబ్రరీకి వెళ్లేదాన్ని. 2023లో డల్లాస్ పార్క్‌వే మీదికి మారిన లైబ్రరీ అది, ముఖద్వారంలో పెద్ద డైనోసార్ అస్థిపంజరం నమూనా. ఆఫ్టర్‌స్కూల్ నెల ఫీజు చూసి "దీంతో కోచింగే వచ్చేది కదా" అన్నారు మా ఆయన. వచ్చేది. కానీ ఆ కోచింగ్ వీడియోలు కొనుంటే వంటింట్లో పప్పు ఉడుకుతుండగా చూసేదాన్ని, సగం బుర్రకెక్కేది కాదు. చిన్నపిల్లలున్న తల్లికి కరువు పుస్తకాలు కాదు, తలుపేసుకుని కూర్చునే గంటలు. డబ్బు పెడితే వాటికే పెట్టాలి.

పైసా ఖర్చు లేని జాగ్రత్త ఇంకొకటి ఉంది. టీస్ మళ్లీ రాయడానికి ఎన్ని రోజులు ఆగాలో, ఎన్నిసార్లు రాయనిస్తారో కాలేజీని బట్టి మారుతుంది. దరఖాస్తుల గడువు నుంచి వెనక్కి లెక్కపెట్టి, అవసరమైతే రెండోసారి రాసే వ్యవధి మిగిలేలా మొదటి తేదీ తీసుకున్నాను. రెండోసారి రుసుము పోతే పోయింది, ఒక సెమిస్టర్ పోతే మాత్రం అయిదారు నెలల జీతం పోయినట్టే. టీస్ ఒక్కటే అడిగే కాలేజీలకే దరఖాస్తు పెట్టడం కూడా అందుకే. రెండు రకాల పరీక్షలకు చదవడానికి డబ్బు సర్దుకున్నా నెలలు సర్దుకోలేం.

పన్ను సంగతి మనవాళ్లు చివర్న చూస్తారు, ముందే చూడాలి. లైఫ్‌టైమ్ లెర్నింగ్ క్రెడిట్ కింద ఫీజులో పదివేల డాలర్ల వరకు 20 శాతం, అంటే గరిష్ఠంగా రెండువేలు, పన్నులోంచి తగ్గుతుంది. పరీక్ష రుసుము, మాన్యువల్ ఇందులోకి రావు. దంపతులు కలిపి ఫైల్ చేస్తే ఆదాయం లక్షా అరవై వేలు దాటినప్పటి నుంచి ఆ క్రెడిట్ కరుగుతూ లక్షా ఎనభై వేల దగ్గర సున్నా అవుతుంది. మా ఆయన బోనస్ కలిస్తే మేం ఆ గీత దగ్గరే ఉంటాం. అందుకని ఆ ఏడాది 401కె వాటా పెంచారు. రిటైర్‌మెంట్‌కు ఎలాగూ దాచాల్సిన డబ్బే, దాచడంవల్ల క్రెడిట్టూ నిలిచింది.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టేది వర్క్ పర్మిట్. గ్రీన్‌కార్డు కోసం యజమాని పెట్టే ఐ-140 ఆమోదం పొందిన హెచ్1బీవాళ్ల జీవిత భాగస్వాములకు 2015 నుంచి ఆ అవకాశం ఉంది. అయితే 2025 అక్టోబరు 30 నుంచి పెట్టే రెన్యూవల్ దరఖాస్తులకు గడువు దానంతటదే పెరిగే సదుపాయం తీసేశారు. కొత్త కార్డు చేతికి రావడం ఆలస్యమైతే లైసెన్సు ఉన్నా డ్యూటీకి వెళ్లలేం. అందుకే నా జీతం మొదలయ్యాక మొదటి కొన్ని నెలలది ముట్టకుండా పక్కన పెట్టాలని ఒప్పందం చేసుకున్నాం. బీఎస్‌ఎన్ అనే తర్వాతి నర్సింగ్ డిగ్రీకి మాత్రం ఇప్పటినుంచే దాచడం లేదు. ఉద్యోగి చదువుకు యజమాని ఏడాదికి 5,250 డాలర్ల దాకా పన్ను లేకుండా ఇవ్వొచ్చు. ఆ సాయం ఇచ్చే ఆసుపత్రులనే ముందు అడుగుతాను.