చలికి చేతులు

మా లంబసింగి వైపు పుష్యమాసంలో తెల్లారేసరికి గడ్డి మీద మంచు పేరుకుంటుంది. పూరింట్లో పొయ్యి రాత్రంతా రగిలినా పొగ కప్పు సందుల్లోంచి పోయేది. ఇప్పుడన్నీ స్లాబు ఇళ్లు. తలుపులు బిగించి బొగ్గుల కుంపటి పక్కన పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముతుంది. రంగూ వాసనా లేని విషం, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

అందుకే అమ్మకి వేడి పొట్లాలు తెచ్చాను. ఛార్జింగ్ పెట్టేవీ ఉన్నాయి గానీ మా కరెంటుని నమ్మలేం. వీటిలో ఇనప పొడి ఉంటుంది, గాలి తగిలితే వేడెక్కుతుంది. షుగరుతో మొద్దుబారిన చేతులు కాలినా తెలియదు. గుడ్డలో చుట్టి పట్టుకోమన్నాను, పడుకునే ముందు తీసేయమన్నాను.

అమ్మ పొట్లం వాసన చూసి, "పొగ లేని నిప్పేం నిప్పురా?" అంది. కుంపటి మాత్రం అరుగు మీదికి మార్చింది.